న్యూబ్రిడ్జ్ ఇంటి ఆడపడుచు: ఫ్రాన్సెస్ పవర్ కాబ్

డబ్లిన్‌లో ఉండే మనవాళ్ళు ఆదివారం పూట పిల్లల్ని తీసుకెళ్ళే చోట్లలో డోనబేట్ దగ్గరి న్యూబ్రిడ్జ్ హౌస్ ఒకటి. మేకలు, కోళ్ళు, పందులు, ఆడుకోవడానికి బోలెడంత పచ్చిక. మేమూ పులిహోర డబ్బా సర్దుకుని నాలుగైదుసార్లు వెళ్ళాం. ఆ ఇంట్లో పెరిగిన ఒకావిడకీ, నేను ఎం.ఫార్మసీలో చేసిన ప్రాజెక్టుకీ సంబంధం ఉందని మాత్రం చాలా ఆలస్యంగా తెలిసింది.

ముందు నా సంగతి చెప్పేస్తాను. మా కాలేజీలో (పేరెందుకు లెండి) ఆందోళన తగ్గించే మందుల మీద పని చేశాను. నేలకి ఎత్తున ప్లస్ గుర్తులా అమర్చిన చెక్క పలకలు. రెండు చేతులకి గోడలుంటాయి, రెండింటికి ఉండవు. ఎలుక గోడల చాటునే నక్కి ఉంటే భయం ఎక్కువని లెక్క. గుర్తుపట్టడం తేలికని ఎలుకల్ని చిన్నప్పట్నించే ఒక్కో బోనులో ఒక్కోదాన్ని పెట్టాను. చెయ్యి పెడితే చాలు, ఎగిరి మూలకి దూకేవి. మందు లెక్కలు కుదరక నెలల తరబడి తల పట్టుకున్నాను. పాలు మానగానే ఒంటరిగా పెంచిన ఎలుకల మెదడులో డోపమిన్, సెరొటోనిన్ పనితీరే మారిపోతుందని, తర్వాత గుంపులో కలిపినా కొన్ని మార్పులు పోవని చదివింది ఆ తర్వాతే. అమెరికాలో హ్యారీ హార్లో కోతిపిల్లల్ని నెలల తరబడి ఒంటరిగా ఉంచి, అవి ముడుచుకుపోయి ఊగుతూ కూర్చోవడం ఎప్పుడో చూపించాడు. నేను తెలియక చేసింది, ఆయన తెలిసే చేశాడు.

సరే, కాబ్ దగ్గరికి వద్దాం. 1822 డిసెంబరు 4న డబ్లిన్‌లో పుట్టింది. నలుగురు అన్నల తర్వాత ఆలస్యంగా పుట్టిన ఒక్కతే ఆడపిల్ల. ఈడు పిల్లల తోడు తక్కువే. అయినా బాల్యం సంతోషంగానే గడిచిందని తన ఆత్మకథలో రాసుకుంది. తల్లంటే ప్రాణం. బ్రైటన్‌లో రెండేళ్ళ ఖరీదైన చదువు, ఆ పైన ఇంటి పెత్తనం. 1847లో తల్లి పోయింది. తన మతవిశ్వాసం సడలిందని అప్పుడే తండ్రికి చెప్పేసింది. ఆయన ఆమెని ఇంట్లోంచి పంపించేశాడు. డోనెగాల్‌లో అన్నగారింట్లో నెలల తరబడి ఉండాల్సి వచ్చింది. తర్వాత ఆయనే తిరిగి పిలిపించుకున్నాడు, ఆవిడా వచ్చి ఆయన పోయేదాకా ఇల్లు చూసుకుంది. వెలివేత రుచి ఎలాంటిదో ఆవిడకి పుస్తకాల వల్ల తెలిసింది కాదు.

1857లో తండ్రి పోయాక ఇల్లు పెద్దన్నది అయింది. ఆవిడ చేతిలో ఏడాదికి 200 పౌండ్లు. ముప్ఫై అయిదేళ్ళ వయసులో, పెళ్ళికాని ఆడమనిషి, ఒంటరిగా ఈజిప్టు, జెరూసలేం చుట్టి వచ్చింది! ఆ తర్వాత బ్రిస్టల్‌లో మేరీ కార్పెంటర్ దగ్గర పేదపిల్లల బడిలో పని, ఆడవాళ్ళకి విశ్వవిద్యాలయ డిగ్రీలివ్వాలని 1862లో ప్రసంగం, భార్యల్ని కొట్టే మొగుళ్ళ మీద 1878లో వ్యాసం. ఆ ఏడే దెబ్బలు తిన్న భార్య విడిగా ఉండడానికి చట్టం వచ్చింది. అన్నట్టు, మన బ్రహ్మసమాజం వాళ్ళు ఇష్టంగా చదివిన థియొడోర్ పార్కర్ రచనల సంపుటాలకి సంపాదకురాలు ఈవిడే. వీరేశలింగంగారి లోకానికి మరీ అంత దూరం మనిషేం కాదు.

జంతువుల మీద ప్రయోగాల సంగతి 1863లో ఫ్లోరెన్స్‌లో మొదలైంది. అక్కడ షిఫ్ అనే శరీరశాస్త్రజ్ఞుడి ప్రయోగశాలకి వ్యతిరేకంగా సంతకాలు సేకరించింది. 1875లో లండన్‌లో ఒక సంఘం పెట్టింది. 1876లో చట్టమూ వచ్చింది. ప్రయోగాలకి లైసెన్సు, తనిఖీ అధికారి, మత్తుమందు ఉండాలన్నారు. కానీ వైద్యుల ఒత్తిడికి మినహాయింపులు బోలెడు చేరాయి. మోసపోయానని కాబ్ మండిపడింది. ఇక నియంత్రణ మాటే వద్దు, పూర్తిగా నిషేధించాల్సిందేనంది. తన సంఘం మెత్తబడితే 1898లో ఇంకోటి పెట్టుకుంది. ఆవిడ తప్పులూ లేకపోలేదు. 1892లో ఆవిడ ఆధ్వర్యంలో వచ్చిన ఒక పుస్తకంలో మత్తుమందు ఇచ్చిన చోట ఆ మాట వదిలేశారని శాస్త్రవేత్తలు పట్టుకున్నారు. దాన్ని వెనక్కి తీసుకుని సవరించాల్సి వచ్చింది. అంతటి మనిషి అంత అజాగ్రత్తగా ఉండడం నాకు కష్టమనిపిస్తుంది.

నన్ను ఆపేసిన విషయం ఇంకోటుంది. ఇంగ్లండు 1986లో వదిలేసిన ఆ 1876 చట్టం, సవరణలతో, ఐర్లాండులో 2012 దాకా నడిచింది. 2009లో కార్క్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఎలుకపిల్లల్ని పుట్టిన రెండో రోజు నుంచి పన్నెండో రోజు దాకా రోజూ మూడు గంటలు తల్లికి దూరంగా ఉంచారు. పెద్దయ్యాక వాటి రక్తంలో ఒత్తిడి హార్మోను పెరిగిందనీ, పేగుల్లోని సూక్ష్మజీవులు కూడా మారాయనీ చూపించారు. అప్పటికి ఈ దేశంలో ఇలాంటి ప్రయోగాలకి అనుమతులిచ్చే చట్టం అదే. ఐరోపా కొత్త నిబంధనలు 2013లో అమల్లోకి వచ్చాక, గుంపులో బతికే జంతువుని ఒంటరిగా ఉంచాలంటే కారణం చూపించాలి. ఒంటరితనం హాని చేస్తుందని మనకి గట్టిగా తెలిసింది అలా ఒంటరిగా ఉంచి చూసినందువల్లే. కాబ్ ఈ మాట ఒప్పుకునేది కాదు. నేను ఒప్పుకుంటాను, అయితే నా బోనులు గుర్తొచ్చినప్పుడు అంత ధీమాగా కాదు.

ఆవిడ ముప్ఫై ఏళ్ళకి పైగా శిల్పి మేరీ లాయిడ్‌తో కలిసి ఉంది. ఇంట్లో కుక్క తప్పనిసరి. 1896లో మేరీ పోయింది. 1904 ఏప్రిల్ 5న వేల్స్‌లో కాబ్ పోతే, ఆమె పక్కనే పూడ్చారు.

న్యూబ్రిడ్జ్ హౌస్‌ని 1985లో ప్రభుత్వం కొన్నది. కానలీ స్టేషనులో రైలెక్కి డోనబేట్‌లో దిగితే నడిచి వెళ్ళొచ్చు. పిల్లలు మేకల దగ్గర ఉండగా, ఈసారి లోపలి గదులు కూడా చూసి రండి.