సర్ రఘుపతి వేంకటరత్నము నాయుడుగారు

కార్ఖానా నివాసులగు మన సంఘీయులకు మహబూబు కళాశాల చిరపరిచితమే. సికింద్రాబాదున నేటికిని నిలిచియున్న యా విద్యాలయమునకు 1899 మొదలు 1904 వఱకు ప్రిన్సిపాలుగా నుండినవారు మన తెలగ కులమున జన్మించిన వేంకటరత్నము నాయుడుగారని యెఱిగినవారు మాత్రము కొలదిమందియే. అందుచే వారి చరిత్రము నిచట సంగ్రహముగా వ్రాయ బూనితిమి.

వీరు 1862వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన మచిలీపట్టణమున జన్మించిరి. తండ్రి అప్పయ్యనాయుడుగారు సైన్యమున సుబేదారు. దండు కదలినచోటికి కుటుంబమును కదలుచుండుటచే బాలుడు మొదట చాందాలోను, పిదప హైదరాబాదులోను చదివి, హిందీ ఉరుదూ పారసీ భాషలను గూడ నేర్చెను. దండు ప్రాంతమున పెరిగిన మన బిడ్డల కీ బాల్యము క్రొత్తగా దోపదు. తరువాత మదరాసు క్రైస్తవ కళాశాలలో ఎం.ఏ. పట్టము నందిరి. యౌవనముననే భార్య గతింపగా మరల వివాహమాడక, బ్రహ్మసమాజ ధర్మము నవలంబించి, తెల్లని వస్త్రములతో నిరాడంబరముగా జీవించిరి. ప్రజలు వీరిని బ్రహ్మర్షి యని పిలిచిరి.

సికింద్రాబాదునుండి వీరు కాకినాడకు బోయి, పిఠాపురము రాజావారి కళాశాలకు 1919 వఱకు ప్రిన్సిపాలుగా నుండిరి. వీరి కీర్తికి మూలమైన పని యచటనే జరిగినది. జీతములో పెద్దభాగమును బీదవిద్యార్థులకే వెచ్చించిరి. పిఠాపురము మహారాజా సూర్యారావు బహద్దరువారు వీరిని గురువుగా భావించి ధనసహాయ మొనర్పగా, అనాథశరణాలయమును, హరిజన విద్యార్థులకు రామమోహన వసతిగృహమును వెలసినవి.

ఇచట కొంచెము నిలిచి యోచింపవలసియున్నది. రుసుము చెల్లించినంతమాత్రమున విద్యార్థికి చదువు వచ్చునా? రేపటి భోజనము సందేహముగా నున్నవానికి పుస్తకము ముందున్నను మనస్సు దానియందు నిలువదు. పరీక్షరుసుమునకు గడువు దాటునేమో యని దినములు లెక్కించువాడు పాఠమునెట్లు వినగలడు? నాయుడుగారు పేదబాలునకు కూడు, గూడు, గురువు ప్రేమ యీ మూడింటిని నొక్కచోట నమర్ప జూచిరి. పదిమందిలో తాను యాచకుడనను సిగ్గు లేకున్ననే వాడు సందేహమును ధైర్యముగా నడుగును, తరగతిలో తలయెత్తి కూర్చుండును. కులమేదియని వారు విచారింపలేదు. కులసభ సంచికలో నీ మాట వ్రాయుట కొందఱికి వింతగా దోచవచ్చును గాని, వారి చరిత్రమున దీనిని దాచుట మాకు సమ్మతము కాదు.

తరువాతి గౌరవములు లోకవిదితములే. 1924లో సర్ బిరుదము వచ్చెను. 1925 మొదలు 1928 వఱకు మదరాసు విశ్వవిద్యాలయమునకు వైస్ ఛాన్సలరుగా నుండిరి. 1939 మే 26వ తేదీన పరమపదించిరి.

నేడు సర్కారువారి ఫీజు రీయింబర్సుమెంటు కలదు. కాని యా సొమ్ము బకాయి పడినప్పుడు కళాశాలలవారు సర్టిఫికెట్లను నిలుపుటయు, విద్యార్థి కార్యాలయముల చుట్టు దిరుగుటయు మనమెఱిగినదే. సంఘములవారి వేతనములు మాత్రము వేళ కందుచున్నవా? విద్యాసంవత్సరము సగము గడచిన పిమ్మట వార్షిక సభ జరుగును. అప్పుడు బీదబాలుని వేదికపైకి బిలిచి, వాని పేదరికమును చదివి వినిపించి, కవరు చేతికిచ్చి ఫోటో దీయుదురు. ఇచ్చువారి యుదారతను మేము శంకింపము. ఆ కవరుతో దిగివచ్చు పిల్లవాని ముఖమును గూడ నొకమాఱు చూడుడనియే మా ప్రార్థన.

కావున పోషక మహాశయులకు మేము విన్నవించునది రెండే విషయములు. ఈ యేడు వేతనములను కళాశాల తెఱచిన మాసముననే, సభకు బిలువకయే, విద్యార్థి ఖాతాకు జేర్పుడు. నిధిలో కొంతభాగమును నాయుడుగారి పేర ప్రత్యేకించి, కార్ఖానా ప్రాంతమున నే కులమువాడైనను నిరుపేదయైన యొక కళాశాల విద్యార్థికి భోజనవసతుల వ్యయమునకై యొసంగుడు.