పిట్టల గుట్టు తెలిసిన సలీం అలీ



ఉచ్చులోంచి ఒకసారి తప్పించుకున్న కముజు పిట్ట మళ్ళీ ఆ దారిన రాదని మా తాత చెప్తుంటాడు. ఈ సంగతి శాస్త్రవేత్తలకి కూడా ఎంత ముఖ్యమో సలీం అలీ గారి జీవితం తెలుసుకున్నాక నాకు అర్థమైంది.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే మేనమామ పెంచారు. పదేళ్ళప్పుడు ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టారు. దాని గొంతు మీద పసుపు మచ్చ ఉంది. అదేం పిట్టో అడగడానికి బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి వెళ్ళారు. అప్పట్నుంచి పిట్టలే ఆయన లోకం. 1930లో కిహిం అనే ఊళ్ళో గిజిగాళ్ళని ఓపిగ్గా గమనించారు. 1931లో నైజాం రాజ్యంలో పక్షుల సర్వే మొదలుపెట్టారు.

1959 నుంచి సొసైటీ వారు పిట్టల్ని వలేసి పట్టి, కాలికి నంబరు రింగు తొడిగి వదిలేవారు. ఈ పనికి బీహారులో తరతరాలుగా పిట్టలు పట్టే మీర్‌షికార్లను పెట్టుకున్నారు. ఏ పిట్ట ఏ వేళకి ఎక్కడ వాలుతుందో వాళ్ళకి తెలుసు.

గుర్తు పెట్టి వదిలితే పిట్టల్ని లెక్కెయ్యొచ్చు కూడా. ఎలాగంటారా? 20 పిట్టలకి గుర్తు పెట్టి వదిలామనుకోండి. మళ్ళీ 20 పడితే 5 గుర్తున్నవి వచ్చాయి. అంటే మొత్తం 80. కానీ వలంటే బెదిరి గుర్తున్నవి 2 మాత్రమే పడితే లెక్క 200 అవుతుంది! గింజల ఆశకి 10 పడితే 40 అవుతుంది. పిట్టలు అన్నే. వాటి బుద్ధి తెలీకపోతే మన లెక్కే తప్పు.

మన కలివికోడి సంగతీ ఇంతే. 1900 తర్వాత కనపడలేదు. అంతరించిందనుకున్నారు. సొసైటీ వారు వెతికిస్తే 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక వేటగాడు రాత్రిపూట పట్టుకున్నాడు. అది పగలు పొదల్లో నక్కి రాత్రి తిరిగే పిట్ట. పగలు వెతికితే దొరుకుతుందా? తర్వాత తర్వాత పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, పొద్దున్నే దాని కాలిముద్రలు చూసేవారు. పట్టే పనే లేదు.

ఆ కబురు విన్నాక ఏడాదిన్నరకి, 1987 జూన్ 20న, సలీం అలీ గారు కన్నుమూశారు.

ఇప్పుడు ఉచ్చు పెట్టడం నేరం. పెట్టకూడదు కూడా. కానీ మన పెద్దలకి తెలిసింది వాళ్ళతోనే పోకూడదు కదా! ఈ సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు తాతల్ని అడిగి నోటుబుక్కులో రాసుకు రండి. మాకవరపాలెం చెరువుల దగ్గర వాలే కొంగలతో మొదలుపెడదాం.