మురికి నీళ్ల రోజున ఈత... ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు

ఒలింపిక్ ఈతగాడు అనగానే మన కళ్ల ముందు నీలం రంగు కొలను, గట్టు మీద స్టాప్‌వాచ్ పట్టుకున్న కోచ్ కనబడతారు. హెన్రీ టేలర్‌కు ఆ భాగ్యం లేదు. ఆయన పొద్దంతా నూలు మిల్లులో పని చేసిన కార్మికుడు. మధ్యాహ్నం అన్నం తినడానికి ఇచ్చే విరామంలో, సాయంత్రం డ్యూటీ దిగాక దొరికిన నీళ్లలో ఈదాడు. అలా ఈదే 1908 లండన్ ఒలింపిక్స్‌లో మూడు బంగారు పతకాలు కొట్టాడు. గల్ఫ్‌లో సైట్ల మీద పొద్దు పుచ్చే మనలాంటి వాళ్లం తెలుసుకోవాల్సిన జీవితం ఇది. గెలుపు కోసమే కాదు, గెలుపు తర్వాత జరిగిన దాని కోసం కూడా.

టేలర్ 1885 మార్చి 17న ఇంగ్లండ్‌లోని ఓల్డమ్‌లో పుట్టాడు. మాంచెస్టర్ పక్కనే ఉన్న ఈ ఊరు ఆ రోజుల్లో నూలు మిల్లులకు ప్రపంచంలోనే పేరుమోసింది. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అన్న పెంచాడు. కాస్త ఎదగ్గానే అక్కడి పిల్లలందరి లాగే మిల్లులో చేరాడు. దారం తెగకుండా ఉండాలని మిల్లు లోపల గాలిని వేడిగా, చెమ్మగా ఉంచేవారు. గాలి నిండా దూది నలుసులు, యంత్రాల మోత. అందులో గంటల తరబడి నిలబడి పని చేశాక ఎవరికైనా మంచం మీద వాలాలనే ఉంటుంది. ఈయన మాత్రం సరుకుల పడవలు తిరిగే కాలువలోకి దూకేవాడు. ఇంగ్లండ్ చలి సంగతి వేరే చెప్పక్కర్లేదు.

ఊరి పబ్లిక్ బాత్స్‌లో ఈదాలంటే టికెట్టు కొనాలి. దాంట్లో ఓ మెలిక ఉంది. ఇప్పటిలా నీళ్లను ఫిల్టర్ చేసి, క్లోరిన్ కలిపే పద్ధతి అప్పట్లో లేదు. కొలను నిండా కొత్త నీళ్లు పట్టి, కొన్ని రోజులు వాడి, ఖాళీ చేసి కడిగి మళ్లీ పట్టేవారు. కొత్త నీళ్లు పట్టిన రోజు టికెట్టు ధర ఎక్కువ. అంతమంది స్నానాలు చేశాక, రేపోమాపో ఖాళీ చేస్తారనగా, అడుగు కూడా కనబడని నీళ్లకు ధర తగ్గించేవారు. జనం దాన్ని మురికి నీళ్ల రోజు అని పిలిచేవారు. మన టేలర్ ఎంచుకున్నది ఆ రోజునే. జేబు ఒప్పుకునేది అదే మరి.

బయటి ప్రపంచానికి ఆయన పేరు తెలిసింది 1906లో. ఆ ఏడాది ఏథెన్స్‌లో జరిగిన క్రీడల్లో ఈత పోటీలు కొలనులో కాదు, సముద్రంలోనే పెట్టారు. మైలు ఈతను టేలర్ 28 నిమిషాల 28 సెకన్లలో ముగించి స్వర్ణం గెలిచాడు. 400 మీటర్లలో మాత్రం ఆస్ట్రియా ఈతగాడు ఓటో షెఫ్ చేతిలో ఓడి రజతంతో సరిపెట్టుకున్నాడు. రిలేలో కాంస్యం వచ్చింది. తర్వాతి కాలంలో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ ఈ 1906 క్రీడలను లెక్కలోకి తీసుకోలేదు. కానీ ఆ ఓటమిని టేలర్ మరిచిపోలేదనడానికి రెండేళ్ల తర్వాతి ఫలితమే సాక్ష్యం.

1908లో లండన్ వంతు. వైట్ సిటీ స్టేడియంలో పరుగు పందేల ట్రాక్ మధ్యలోనే 100 మీటర్ల పొడవున కొలను కట్టారు. 400 మీటర్ల ఫైనల్‌లో టేలర్ 5 నిమిషాల 36.8 సెకన్లలో మొదట చేరాడు. ఆస్ట్రేలియా కుర్రాడు ఫ్రాంక్ బోర్‌పేర్ రెండో స్థానం, పాత ప్రత్యర్థి షెఫ్ మూడో స్థానం.

అసలు పరీక్ష 1500 మీటర్లు. అంటే ఆ కొలనులో 15 సార్లు ఈ చివర నుంచి ఆ చివరకు. సాటి ఇంగ్లండ్ ఈతగాడు సిడ్నీ బాటర్స్‌బీ వెన్నంటే వచ్చాడు. టేలర్ 22 నిమిషాల 48.4 సెకన్లు, బాటర్స్‌బీ 22 నిమిషాల 51.2 సెకన్లు. ఒకటిన్నర కిలోమీటరు ఈదాక తేడా మూడు సెకన్లు కూడా లేదు! ఆ ఏడాదే పుట్టిన అంతర్జాతీయ ఈత సమాఖ్య 1500 మీటర్లకు గుర్తించిన మొదటి ప్రపంచ రికార్డు ఇదే.

మూడోది రిలే. డెర్బీషైర్, రాడ్మిలోవిచ్, ఫోస్టర్ ఈదాక ఆఖరి 200 మీటర్లు టేలర్‌వి. అప్పటికి హంగేరీ ముందుంది. వాళ్ల చివరి ఈతగాడు జోల్తాన్ హల్మయ్ గమ్యం దగ్గర పడుతుండగా శక్తి అయిపోయి తడబడ్డాడు. వెనక నుంచి ఆగకుండా వచ్చిన టేలర్ దాటేసి బ్రిటన్‌ను గెలిపించాడు. మూడో స్వర్ణం. అప్పటికి ఆయన వయసు 23.

ఇక్కడే మనం ఆగి ఆలోచించాలి. ఈ రోజుల్లో అయితే ప్రభుత్వ నజరానాలు, కంపెనీ ప్రకటనలు వచ్చి పడేవి. ఆ రోజుల్లో నిబంధన ఏమిటంటే ఆటగాడు ఆట మీద డబ్బు తీసుకోకూడదు. తీసుకుంటే మళ్లీ పోటీల్లోకి రానివ్వరు. కప్పులు, పతకాలు ఇంటి నిండా చేరాయి గానీ రాబడి లేదు.

అయినా ఈత మానలేదు. 1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ రిలేలో కాంస్యం. యుద్ధం వల్ల 1916 ఒలింపిక్స్ జరగనే లేదు. 1920లో 35 ఏళ్ల వయసులో ఆంట్వెర్ప్ వెళ్లి రిలేలో మరో కాంస్యం తెచ్చాడు.

తర్వాత పబ్ నడిపి నిలదొక్కుకోవాలని చూశాడు. వ్యాపారం కలిసిరాలేదు. అప్పులకు, ఖర్చులకు ఏళ్ల తరబడి కూడబెట్టిన కప్పులు, పతకాలు చాలావరకు చేజారిపోయాయి. చివరికి చాడర్టన్ బాత్స్‌లో అటెండెంట్‌గా చేరాడు. ఒకప్పుడు టికెట్టు తగ్గే రోజు కోసం కాచుకున్న మనిషి, ఇప్పుడు జీతానికి కొలను గట్టు మీద కాపలా. అక్కడ ఈదే పిల్లల్లో ఎంతమందికి తెలుసో, తమను కనిపెట్టుకుని ఉన్నది మూడు స్వర్ణాల వీరుడని! పెళ్లి చేసుకోలేదు. 1951 ఫిబ్రవరి 28న, 65 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.

గౌరవం ఆలస్యంగా వచ్చింది. 1969లో అంతర్జాతీయ ఈత ప్రముఖుల జాబితాలో ఆయన పేరు చేర్చారు. ఒకే ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు గెలవడం మళ్లీ ఒక బ్రిటన్ ఆటగాడికి సాధ్యమైంది 2008 బీజింగ్‌లో, సైక్లింగ్ వీరుడు క్రిస్ హోయ్‌కి. సరిగ్గా వందేళ్లు పట్టింది.

ఒంట్లో సత్తువ ఉన్నప్పుడు టేలర్ చేయాల్సిందంతా చేశాడు, లోటు ఆయన కష్టంలో లేదు. సత్తువ తగ్గాక ఆసరా ఏమిటన్నది ఆనాడు ఎవరూ ఆలోచించలేదు, ఆయన్ను చప్పట్లతో మోసిన వాళ్లతో సహా. దేశం కాని దేశంలో ఒళ్లు వంచి సంపాదించే మనం, నెలనెలా ఇంటికి పంపే డబ్బులో రేపటి కోసం కొంత విడిగా దాచుకోవాలనేది ఈ కథ చదివాక నాకు గట్టిగా అనిపించిన మాట.