క్రాన్మరుగారి కుడిచెయ్యి

భస్మ బుధవారమున ఆంగ్లికను ఆరాధనక్రమములో ఒక చిన్న ప్రార్థన గలదు. పశ్చాత్తాపముగల క్రొత్త హృదయమును మాకు దయచేయుమని అందులో దేవుని వేడుకొందుము. 1549వ సంవత్సరపు ప్రార్థన పుస్తకము కొరకు దానిని కూర్చినవారు కాంటర్బరీ ఆర్చిబిషప్పు థామస్ క్రాన్మరుగారు. శ్రమకాలమందు ప్రతిదినమును దానిని చదువవలెనని 1662వ సంవత్సరపు పుస్తకము నియమించెను. పలుమారులు చదివి మనము దానికి అలవాటు పడియున్నాము. కూర్చినవారికే అది ఎంత అవసరమాయెనో తలంచినవారము కాము.

ఆయన 1489లో ఇంగ్లాండులోని ఆస్లాక్టన్ గ్రామమున జన్మించి, కేంబ్రిడ్జిలో విద్వాంసుడై, ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున 1533లో ఆర్చిబిషప్పాయెను. స్వభావముచేత మృదువైనవాడు, కొంత పిరికివాడు కూడ. 1550లో జోన్ బోచర్ అను స్త్రీని ఆమె మతాభిప్రాయముల నిమిత్తము దహించిన పాపములో ఆయనకును పాలు గలదు. దానిని మరుగుపరచి ఆయనను పొగడుట మాకు ఇష్టము లేదు.

1553లో మేరీ రాణి సింహాసనమెక్కగా ఆయన చెరపాలాయెను. 1555 అక్టోబరు 16న ఆక్స్‌ఫర్డులో ఆయన మిత్రులైన రిడ్లీ, లాటిమరు బిషప్పులను సజీవముగా దహించిరి. చెరసాల పైనుండి ఆయన దానిని చూచెను. తరువాత ఒంటరితనము, వాదములు, ప్రాణభయము. తాను బోధించినదంతయు తప్పని ఒకదాని వెంట ఒకటిగా ఆరు పత్రములమీద ఆయన సంతకము చేసెను. ప్రధానయాజకుని ముంగిట చలి కాచుకొనుచుండిన పేతురు మూడుమారులు బొంకెను గదా. మనమైతే ఎన్నిమారులు?

అయినను రాణి క్షమింపలేదు. 1556 మార్చి 21, వర్షపు దినము. సెయింట్ మేరీస్ దేవాలయమున ఆయనను జనులయెదుట నిలువబెట్టి, తన తప్పిదమును ఒప్పుకొనుమనిరి. ఎట్లును చావవలసినవాడే గనుక ధైర్యము వచ్చినదని కొందరందురు. ఆ మాట మాకు సమ్మతము కాదు. వారు కోరినట్లు పలికియుండినచో మర్యాదతో మరణించెడివాడు. ఆయన ఆత్మకొరకు పూజలు జరిపింతుమని వాగ్దానము కూడ చేసియుండిరి. ఆయన మోకరించి ప్రార్థించి, లేచి, తన మనస్సాక్షిని అన్నిటికంటె ఎక్కువగా బాధించుచున్నది ఆ పత్రములేయని ఒప్పుకొనెను. మరణభయముచేత హృదయమునకు విరోధముగా వ్రాసిన చెయ్యి గనుక అదియే మొదట కాలవలెననెను.

గొప్ప అల్లరి పుట్టెను. ఆయనను క్రిందికి లాగి తీసికొనిపోయిరి. వెంటనున్నవారు అందుకొనలేనంత వేగముగా ఆ 66 ఏండ్ల వృద్ధుడు దహనస్థలమునకు నడిచెను. మంట లేవగానే కుడిచెయ్యి చాచి అందులో ఉంచెను. ముఖము తుడుచుకొనుటకు ఒక్కమారు మాత్రము వెనుకకు తీసి, మరల మంటలోనే పెట్టెను. భస్మ బుధవారపు ప్రార్థన వ్రాసిన చెయ్యియు అదియే.

ఆ యేటి ఈస్టరు పండుగకు ఇంక పదునైదు దినములుండెను.