భూగర్భాన్ని పఠించిన ఇంజనీరు: కాన్రాడ్ ష్లంబర్జర్

ఇంజనీరింగు పట్టా చేతికందిన నాటి ఆనందం ఎంత మధురమో, ఆ మరునాటి సందిగ్ధం అంత కఠినం. నాలుగేళ్లు గురువులు నిర్ణయించిన బాటలో నడిచిన యువకునికి ఆనాడు తొలిసారిగా తన బాట తానే ఎన్నుకోవలసి వస్తుంది. చమురు రంగం వైపు దృష్టి సారించే విద్యార్థులకు ఈ సందిగ్ధం మరింత జటిలం. ఆ రంగానికి ప్రవేశద్వారం ఒక్కటి కాదు. రిగ్గు మీద నిలిచి బావి తవ్వించే డ్రిల్లింగు ఇంజనీరు ఒకడు. బావిలో ప్రవహించే మడ్ బరువును, చిక్కదనాన్ని కాపాడేవాడు మరొకడు. తవ్విన బావిలోకి కేబులుతో పరికరాలు దించి రాతిపొరలను కొలిచే లాగింగు ఇంజనీరు వేరొకడు. కార్యాలయంలో కూర్చుండి నిక్షేపాల పరిమాణాన్ని గణించే రిజర్వాయరు ఇంజనీరు ఇంకొకడు. వీరిలో ఎవరి వెంట నడవాలి? ఈ ప్రశ్నకు సమాధానం జీతాల పట్టికలలో కాక, ఒక మహనీయుని జీవితంలో వెదకడం మేలని తలచి, మేము ఈ వ్యాసానికి పూనుకున్నాము.

కాన్రాడ్ ష్లంబర్జర్ 1878 అక్టోబరు 2వ తేదీన అల్సేసు ప్రాంతంలోని గెబ్విల్లరు పట్టణంలో జన్మించాడు. 1871 నాటి యుద్ధానంతరం ఆ ప్రాంతం ఫ్రాన్సు చేజారి జర్మనీ పాలనలో ఉన్నది. వారిది నూలు మిల్లులు, వస్త్రయంత్రాల తయారీతో పేరుగన్న సంపన్న కుటుంబం. తండ్రి పాల్ ష్లంబర్జరు విజ్ఞానమంటే ప్రాణం పెట్టేవాడు. తల్లి మార్గరీటు స్త్రీల ఓటుహక్కు కోసం కృషి చేసిన విదుషీమణి. అన్న జాన్ సాహిత్యరంగంలో ప్రసిద్ధుడైనాడు. తమ్ముడు మార్సెలు ఇంజనీరై, కాన్రాడుకు కుడిభుజంగా నిలిచాడు. పరాయి సైన్యంలో తమ బిడ్డలు కొలువు చేయరాదన్న తలంపుతో తల్లిదండ్రులు వారిని పారిస్ నగరంలో చదివించారు.

కాన్రాడ్ 1898లో పారిస్‌లోని ఎకోల్ పాలిటెక్నిక్‌లో ప్రవేశించాడు. ఫ్రాన్సు దేశపు మేధావులలో అగ్రశ్రేణికి చెందినవారికే ఆ విద్యాలయం తలుపు తెరిచేది. అనంతరం గనుల విద్యాలయమైన ఎకోల్ దె మీన్‌లో చదువు పూర్తిచేసి, ప్రభుత్వ గనుల శాఖలో ఇంజనీరుగా చేరాడు. ఆ ఉద్యోగం గౌరవప్రదం, సుస్థిరం. తరువాత 1907లో తాను చదివిన గనుల విద్యాలయంలోనే భౌతికశాస్త్ర ఆచార్యుడైనాడు. ముప్పయ్యేళ్లు నిండకముందే ఒక యువకునికి ఇంతకంటే కావలసినదేమున్నది? లోకం దృష్టిలో ఆయన గమ్యం చేరినట్లే. కాని ఆయన దృష్టిలో ప్రయాణం ఇంకా ఆరంభమే కాలేదు.

గనుల ఇంజనీరుగా ఆయనను ఒక ప్రశ్న వేధించింది. భూమిని తవ్వకుండా భూమిలో ఏమున్నదో తెలుసుకొనుట ఎట్లు? ఖనిజాలు విద్యుత్తును ప్రసరింపజేసే తీరు ఒకదానికొకటి భిన్నమని ఆయనకు తెలుసు. అయితే నేలలోకి విద్యుత్తును పంపి, పైన దాని వ్యాప్తిని కొలిస్తే, లోపలి నిర్మాణం బయటపడదా? ఈ ఊహను పరీక్షించడానికి ఆయన విద్యాలయంలో ఒక రాగి తొట్టిని ఇసుకతో నింపి, దానిలో విద్యుత్తును ప్రసరింపజేసి కొలతలు తీశాడు. తొట్టిలో ఫలించిన ప్రయోగం పొలంలో ఫలించాలన్న నియమం లేదు. అందుచేత 1912లో నార్మండీలోని వాల్ రిషే అనే తమ కుటుంబపు ఎస్టేటులో నేలమీద తీగలు పరచి, అడుగడుగునా కొలతలు తీసి, సమాన విద్యుత్ పీడనం గల బిందువులను కలుపుతూ పటం గీశాడు. విద్యుత్ అన్వేషణ శాస్త్రానికి ఆ పటమే తొలి అక్షరం. మరుసటి ఏడు సెర్బియాలోని బోరు ప్రాంతపు రాగి గనుల దగ్గర ఆయన పద్ధతి సత్ఫలితమిచ్చింది.

అంతలో 1914లో ప్రపంచయుద్ధం వచ్చిపడింది. అన్నదమ్ములిద్దరూ సైన్యంలో చేరారు. నాలుగేళ్లు పరిశోధన నిలిచిపోయింది.

యుద్ధం ముగిసిన తరువాతి ఘట్టమే ఈ జీవితంలో మనం నిదానించి చదువవలసినది. 1919 నవంబరులో డెబ్బది యేళ్లు దాటిన తండ్రి పాల్, కుమారులిద్దరితో ఒక లిఖితపూర్వకమైన ఒడంబడిక చేసుకున్నాడు. పరిశోధనకు అయిదు లక్షల ఫ్రాంకులు తానిస్తానన్నాడు. ధనలాభం కంటే శాస్త్రప్రయోజనమే ముందుండాలన్నది ఆయన విధించిన షరతు. కాన్రాడ్ శాస్త్రజ్ఞుడుగా, మార్సెలు ఇంజనీరుగా తమ తమ శక్తిని ఈ పనికే అంకితం చేయాలన్నాడు. ఇతర వ్యాపకాలతో ఏకాగ్రత చెదరరాదని హెచ్చరించాడు. ఇది తండ్రి బిడ్డలకిచ్చిన ఆస్తిపంపకం కాదు, బాధ్యతల పంపకం. కాన్రాడ్ ఆలోచన, మార్సెలు హస్తకౌశలం ఒకదానికొకటి పూరకాలు. అన్న సూత్రాన్ని దర్శించేవాడు, తమ్ముడు ఆ సూత్రం పనిచేసే యంత్రాన్ని నిర్మించేవాడు. ఎవరి స్వభావం ఏమిటో గుర్తించి, దానికి తగిన పనిని అప్పగించిన ఆ వృద్ధుని వివేకం మా విద్యార్థులందరూ గ్రహించదగినది.

కాన్రాడ్ తుదకు ఆచార్య పీఠాన్ని విడిచాడు. సుస్థిరమైన కొలువును వదలి, ఫలితం తెలియని పనిలో దిగడం చిన్న సాహసం కాదు. ఆయన వెనుక సంపన్నుడైన తండ్రి ఉన్నాడన్నది నిజమే. మన విద్యార్థులలో అనేకులకు అటువంటి అండ లేదు. ఇంటిలో చెల్లెలి పెండ్లి, తండ్రి అప్పు, తమ్ముని ఫీజు మొదటి జీతం కోసం ఎదురుచూస్తుంటాయి. కనుక ఆయన త్యాగాన్ని కొనియాడి, మీరూ అట్లే చేయండని ఉపదేశించడం న్యాయం కాదు. ఆయన నుండి గ్రహించవలసినది త్యాగం కాదు, ఆ నిర్ణయానికి ముందు ఆయన చేసిన పరీక్ష. తొట్టిలో ప్రయోగించి, పొలంలో సరిచూచి, గనిలో నిర్ధారించుకొన్న పిమ్మటనే ఆయన కొలువు విడిచాడు.

1923లో రుమేనియాలోని అరిచెష్టి వద్ద చమురును ఆశ్రయించిన ఉప్పుగుమ్మటాన్ని ఆ పద్ధతితో గుర్తించారు. అప్పటి నుండి చమురు రంగం వారి వైపు చూడసాగింది. 1926లో విద్యుత్ అన్వేషణ సంఘం అనే అర్థమిచ్చే పేరుతో అన్నదమ్ములు పారిస్‌లో కంపెనీ స్థాపించారు. ఆ ఏటనే తండ్రి కన్నుమూశాడు. తన ధనం ఫలించిన నాటిని ఆయన చూడలేదు.

ఆ రోజులలో చమురు బావి తవ్వేవారికి ఒక పెద్ద చిక్కు ఉండేది. ఎంత లోతున ఏ రాయి ఉన్నదో తెలియడానికి కోర్ అనబడే రాతికడ్డీని కోసి పైకి తీయాలి. అందుకు కాలమూ ధనమూ విస్తారంగా వ్యయమయ్యేవి. మడ్‌తో కలసి పైకి వచ్చే రాతిముక్కలు ఏ లోతు నుండి వచ్చినవో నిశ్చయించడం కష్టం. నేలమీద చేసే కొలతనే బావిలోపల చేస్తే ఎట్లుంటుందని కాన్రాడ్ ఆలోచించాడు. ఆ పనిని తన అల్లుడు, యువ ఇంజనీరు అయిన ఆన్రీ డాల్‌కు అప్పగించాడు.

1927 సెప్టెంబరు 5వ తేదీన అల్సేసులోని పెషెల్‌బ్రాన్ చమురు క్షేత్రంలో, సుమారు 500 మీటర్ల లోతైన బావిలోకి డాల్, ఆయన సహచరులిద్దరూ కలసి ఒక పరికరాన్ని దించారు. మీటరు మీటరుకూ ఆపి, విద్యున్నిరోధాన్ని కొలిచి, ఆ అంకెలను కాగితంపై చేతితో గీతగా గీశారు. ఉప్పునీటితో నిండిన రాతిపొరలో విద్యుత్తు సులభంగా ప్రవహిస్తుంది కనుక నిరోధం తక్కువ. చమురు విద్యుత్తును ప్రసరింపనీయదు కనుక చమురు నిండిన పొరలో నిరోధం ఎక్కువ. గీత ఎక్కడ ఉబ్బినదో అక్కడ పరిశీలించాలి. లోకంలో చమురు బావిలో తీసిన మొట్టమొదటి విద్యుత్ లాగ్ అదే. నేటి లాగింగు ఇంజనీరు వృత్తి ఆనాడు ఆ బావి గట్టున పుట్టింది.

1929లో ఆ యువ ఇంజనీర్లు వెనిజులాకు, అమెరికాకు, సోవియట్ దేశపు గ్రోజ్నీకి వెళ్లారు. భాష రాదు, ఇల్లు లేదు, పిలుపు వచ్చిన ఏ అర్ధరాత్రి అయినా బావి దగ్గర నిలవాలి. అదే సంవత్సరం ఆర్థికమాంద్యం విరుచుకుపడింది. అమెరికాలోని బృందాలను వెనుకకు పిలువవలసి వచ్చింది. సోవియట్ దేశంలోని పని కంపెనీకి ఊపిరి పోసింది. 1932లో వారు తిరిగి అమెరికాలో అడుగుపెట్టి, 1934లో హ్యూస్టన్ నగరంలో ప్రత్యేక కంపెనీని నెలకొల్పారు. 1936లో సోవియట్ దేశం నుండి తిరిగివస్తూ మే 9వ తేదీన స్టాక్‌హోం నగరంలో కాన్రాడ్ మరణించాడు. అప్పటికి ఆయన వయస్సు 57 ఏళ్లు. తన కొలతలకు గణితబద్ధమైన భాష్యం ఆయన చూడలేదు. నిరోధానికీ, రాతిలోని రంధ్రాల పరిమాణానికీ, వాటిలోని నీటి భాగానికీ గల సంబంధాన్ని ఆర్చీ అనే ఇంజనీరు 1942లో సూత్రబద్ధం చేశాడు. మార్సెలు 1953 వరకు జీవించి, అన్న నాటిన మొక్కను పెంచాడు.

ఇక మన విద్యార్థి ప్రశ్నకు వద్దాము. ఈ కథలో మనకు మూడు స్వభావాలు కనిపిస్తున్నవి. కారణాన్ని శోధించే కాన్రాడ్ ఒకడు. యంత్రాన్ని సరిదిద్దే మార్సెలు ఒకడు. బావి గట్టున నిలిచి, అప్పటికప్పుడు కొలిచి, అప్పటికప్పుడు చెప్పే డాల్ ఒకడు. మొదటివాని వంటి మనసు గలవానికి రిజర్వాయరు అధ్యయనం, భూభౌతికశాస్త్రం తగినవి. అయితే అవి సాధారణంగా ఉన్నత విద్యను కోరుతాయి. రెండవవానికి డ్రిల్లింగు మేలు. రిగ్గు ఒక చిన్న పట్టణం వంటిది. అక్కడ పంపు, మోటారు, పైపు, మనిషి అన్నీ ఒకేసారి సవ్యంగా నడవాలి. అక్కడి పొరపాటుకు మూల్యం ఎంతటిదో 1995 జనవరిలో కోనసీమలోని పాశర్లపూడి బావి అంటుకొని రెండు నెలలకు పైగా మండినప్పుడు తెలుగునాట అందరూ చూశారు. మూడవవానికి లాగింగు తగినది. అది చిన్న వయసులోనే పెద్ద బాధ్యతను నెత్తినపెట్టే వృత్తి. నిద్ర తక్కువ, ప్రయాణం ఎక్కువ, నేర్చుకొనేది మరింత ఎక్కువ.

ఇంకొక మాట చెప్పక తప్పదు. ఈ రంగానికి ఆటుపోట్లు సహజం. ఆనాటి మాంద్యంలో బృందాలు వెనుదిరిగినట్లే 1986లోనూ, 2014 తరువాతనూ, 2020లోనూ చమురు ధర పడిపోయినప్పుడు వేలాది ఉద్యోగాలు పోయినవి. కావున మొదటి ఉద్యోగంలో జీతంతోపాటు, ఆ ఉద్యోగం పోయినా మనతో మిగిలే విద్య ఏమిటన్నది విచారించాలి. కేవలం ఒక కంపెనీ యంత్రపు మీటలు నొక్కడం నేర్చినవాడు ఆ యంత్రంతో పాటే పాతబడతాడు. కొలత వెనుక ఉన్న భౌతికశాస్త్రం నేర్చినవానికి మరో చోట అన్నం పుడుతుంది.

దీనికి నిదర్శనం మన ముంగిటనే ఉన్నది. తెలంగాణ, రాయలసీమ పల్లెలలో బోరుబావికి చోటు చూచే భూభౌతిక నిపుణుడు నేలలో నాలుగు కడ్డీలు ఒకే వరుసలో పాతుతాడు. వెలుపలి రెండింటి ద్వారా విద్యుత్తును పంపి, లోపలి రెండింటి నడుమ పీడనాన్ని కొలుస్తాడు. వెలుపలి కడ్డీలను దూరం జరిపిన కొలదీ మరింత లోతు సంగతి తెలుస్తుంది. ఆ అమరికకు శాస్త్రగ్రంథాలలో ష్లంబర్జరు పేరే నిలిచిపోయింది. చమురు వెదకేవాడు నిరోధం పెరిగిన చోట ఆగుతాడు. గట్టి రాతినేలలో నీటిని వెదకేవాడు నిరోధం తగ్గిన చోట ఆగుతాడు. సూత్రం ఒక్కటే. ఒకచోట అది కోట్ల రూపాయల నిక్షేపాన్ని చూపితే, మరొకచోట అప్పుచేసి బోరు వేయించే రైతు ఆశను నిలబెడుతుంది.

ఆ రైతు ముందు నిలిచినా, బావి యజమాని ముందు నిలిచినా ఇంజనీరు ధర్మం ఒక్కటే. ఎదుటివాడు వినగోరినది కాక, గీత చూపినది చెప్పాలి. చమురు లేదని చెప్పవలసిన చోట లేదని చెప్పినందువలననే, ఉన్నదని చెప్పిన చోట లోకం నమ్ముతుంది. ఈ నిజాయితీని నిలుపుకొనే ధైర్యం ఏ పనిలో తమకు కలుగుతుందో ఆ పనినే మన విద్యార్థులు ఎన్నుకోవాలని మా ఆకాంక్ష. పట్టా పుచ్చుకొన్న తొలి ఏడాదిలోనే జీవితమంతా నిశ్చయించుకోనక్కరలేదు. కాన్రాడ్ సైతం మొదట గనుల ఉద్యోగిగా, పిదప ఆచార్యుడుగా గడిపిన తరువాతనే తన పనిని కనుగొన్నాడు. మొదటి మెట్టు ఏదైనప్పటికీ, దానిపై నిలిచి శ్రద్ధతో కొలిచినవానికి రెండవ మెట్టు తప్పక కనిపిస్తుంది.