వాసాలు లెక్కపెట్టిన గుమాస్తా

విజిల్‌బ్లోయర్ అంటే కంపెనీ రహస్యాలు దొంగిలించి బయటపెట్టే మనిషి అనుకునేదాన్ని. ఇ.డి. మోరెల్ గురించి చదివాక ఆ అభిప్రాయం మారింది. ఇతను ఏ బీరువా పగలగొట్టలేదు. రోజూ తన టేబుల్ మీదకి వచ్చే లెక్కల్నే శ్రద్ధగా చదివాడు, అంతే.

మోరెల్ 1873లో పారిస్‌లో పుట్టాడు. నాన్న ఫ్రెంచ్, అమ్మ ఇంగ్లిష్. చిన్నప్పుడే నాన్న పోవడంతో చదువు త్వరగా ఆగిపోయింది. 1891లో లివర్‌పూల్‌లోని ఎల్డర్ డెంప్‌స్టర్ అనే ఓడల కంపెనీలో గుమాస్తాగా చేరాడు. ఖాళీ టైంలో పత్రికలకి వ్యాసాలు రాసేవాడు. యజమాని ఆల్ఫ్రెడ్ జోన్స్ అతన్ని బాగానే చూసుకున్నాడు, పైకి తెచ్చాడు.

అప్పట్లో కాంగో బెల్జియం దేశానిది కాదు, బెల్జియం రాజు లియోపోల్డ్ సొంత ఆస్తి లాంటిది. సైకిల్ టైర్ల వల్ల రబ్బరుకి గిరాకీ బాగా పెరిగిన రోజులవి. కాంగో సరుకు మోసే కాంట్రాక్టు ఎల్డర్ డెంప్‌స్టర్‌ది. పైగా జోన్స్ లివర్‌పూల్‌లో కాంగో తరఫు కాన్సుల్ కూడా. ఫ్రెంచ్ వచ్చు కాబట్టి మోరెల్‌ని ఆంట్‌వెర్ప్ రేవుకి పంపేవాళ్ళు.

అక్కడే అతనికి తేడా కనిపించింది. ఓడలు నిండా రబ్బరు, ఏనుగు దంతాలతో వస్తున్నాయి. వెళ్ళేటప్పుడు మాత్రం ఎక్కువగా తుపాకులు, తూటాలు, సైనికాధికారులు. రబ్బరు ఇచ్చినవాళ్ళకి బదులుగా ఇవ్వాల్సిన సరుకు దాదాపు లేదు. బయటికి ప్రకటించే ఎగుమతుల లెక్కకన్నా దిగుతున్న సరుకే ఎక్కువ. మన భాషలో చెప్పాలంటే, రెండు టేబుల్స్ జాయిన్ చేశాడు. డబ్బూ ఇవ్వక, సరుకూ ఇవ్వక అంత రబ్బరు ఎలా వస్తుంది? తుపాకీ పెట్టి చేయించే వెట్టిచాకిరీ వల్లే. అంతకుముందు కాంగో పాలనని సమర్థిస్తూ వ్యాసాలు రాసింది కూడా ఇతనే! లెక్కలు చూసి మనసు మార్చుకున్నాడు.

ముందు పేపర్‌కి వెళ్ళలేదు, జోన్స్‌కే చెప్పాడు. జోన్స్ బ్రస్సెల్స్ వెళ్ళొచ్చి, సంస్కరణలు వస్తాయన్నాడు. తర్వాత మోరెల్‌కి విదేశంలో మంచి పోస్టు ఇస్తామన్నారు. వద్దంటే, కొద్దిపాటి పనికి డబ్బు ఇస్తామన్నారు. అదీ వద్దన్నాడు. ఇంట్లో భార్య, చిన్నపిల్లలు ఉన్నా 1901లో, 28 ఏళ్ళకి, రాజీనామా చేశాడు.

మా తాతయ్య ఇలాంటివాళ్ళని తిన్నింటి వాసాలు లెక్కపెట్టే రకం అంటారు. కానీ లెక్కపెట్టడమే కదా అతని ఉద్యోగం! జోన్స్‌కి ద్రోహం చేశాడా అని చాలాసేపు ఆలోచించాను. చెప్పాల్సింది ముందు జోన్స్‌కే చెప్పాడు, జీతం వదిలేశాకే యుద్ధం మొదలుపెట్టాడు. నేనైతే మొన్న సమ్మర్ ఇంటర్న్‌షిప్‌లో ఫెయిలైన టెస్టులు రిపోర్ట్‌లోంచి తీసేయమంటే తీసేశాను. ఎందుకు అని కూడా అడగలేదు. ఎవరికీ ఏమీ కాలేదనుకోండి, అయినా ఆ ఫైల్ ఇంకా గుర్తొస్తూనే ఉంటుంది.

1903లో సొంత పత్రిక పెట్టాడు. అదే ఏడాది బ్రిటిష్ కాన్సుల్ రోజర్ కేస్‌మెంట్ కాంగో లోపలికి వెళ్ళి చూసొచ్చాడు. 1904లో వచ్చిన ఆయన రిపోర్ట్, మోరెల్ కాగితాల్లో చూసిందాన్నే మనుషుల సాక్ష్యంతో చెప్పింది. ఇద్దరూ కలిసి కాంగో రిఫార్మ్ అసోసియేషన్ పెట్టారు. 1908లో కాంగో రాజు చేతిలోంచి బెల్జియం ప్రభుత్వానికి వెళ్ళింది. మొదటి ప్రపంచయుద్ధాన్ని వ్యతిరేకించిన మోరెల్ 1917లో జైలుకెళ్ళాడు. 1922లో డండీలో గెలిచాడు, అక్కడ ఓడిపోయినవాళ్ళలో చర్చిల్ ఒకడు.

ఇంకోటి కూడా చెప్పాలి. 1920లో ఇతనే, జర్మనీలో ఉన్న ఫ్రెంచ్ సైన్యంలోని ఆఫ్రికన్ సైనికుల మీద పచ్చి జాతిద్వేషంతో రాశాడు. అది తెలిశాక ఈ వ్యాసం ఆపేద్దామనుకున్నాను. ఆపలేదు, అలాగని దాచబుద్ధి కూడా కాలేదు.

1924లో చనిపోయాడు. కాంగోలో మాత్రం ఎప్పుడూ అడుగుపెట్టలేదు.