గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు

శ్రీకాకుళము జిల్లాలో శ్రీముఖలింగ క్షేత్రమునకు సమీపమున, వంశధారా నది యొడ్డున, పర్వతాలపేట యను చిన్న పల్లె యొకటి కలదు. అది రాజధానియు గాదు, రేవు పట్టణమును గాదు. వ్యవసాయమే జీవనముగా గల ఏటియొడ్డు గ్రామములలో నదియు నొకటి. గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు 1863వ సంవత్సరము ఆగస్టు 29వ తేదీన ఆ పల్లెలో జన్మించిరి. నేడు తెలుగువారు ప్రతి సంవత్సరమును ఆ దినమునే తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నారు.

వ్యావహారిక భాష కొఱకు పోరాడిన పండితులుగా వారిని మన విద్యార్థులు ఎఱుగుదురు. కాని ఆ పోరాటమునకు పూర్వమే వారు మఱియొక కార్యమును తలకెత్తుకొనిరి. కొండలలో నివసించు సవరల భాషను నేర్చి, ఆ జాతి పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించుటకు పూనుకొనిరి. పంతులుగారి జీవితమును సరిగా తెలిసికొన గోరువారు ఈ కార్యమునే ముందుగా తెలిసికొనవలెను.

వంశధార ఒరిస్సా కొండలలో పుట్టి, దక్షిణముగా ప్రవహించి, కళింగపట్టణము వద్ద సముద్రమున కలియుచున్నది. పర్లాకిమిడి పట్టణమును ఒరసికొని పారు మహేంద్రతనయ దానికి ఉపనది. ఈ యేటి దిగువ భాగమున తెలుగు రైతుల పల్లెలు కలవు. ఎగువ కొండలలో సవరల గూడెములు కలవు. సవరలు అతి ప్రాచీన జాతివారు. శబరులను పేరు ఐతరేయ బ్రాహ్మణమునందే కనిపించుచున్నది. శ్రీముఖలింగ స్థలపురాణమునందు సహితము, పరమేశ్వరుడు ఇప్పచెట్టు మ్రానులో మొదట దర్శనమిచ్చినది సవరలకే యని చెప్పుదురు. ఇప్పకు సంస్కృతమున మధుకమని పేరు. అచ్చటి దేవునికి మధుకేశ్వరుడని పేరు వచ్చుటకు అదియే కారణమందురు.

ఇట్లు ఒకే నదీ జలముల నాశ్రయించి జీవించు ఈ రెండు జనములకు నడుమ ఆ దినములలో మాట మాత్రము కలిసెడిది కాదు. సవరలు చింతపండు, పసుపు, అడ్డాకులు, చీపుళ్లు మోసికొని కొండ దిగి సంతలకు వచ్చెడివారు. ఉప్పు, బట్టలు కొనుక్కొని మరలి పోయెడివారు. కొలతలోను, లెక్కలోను, అప్పు పత్రములోను ఏమి వ్రాయబడినదో వారికి తెలిసెడిది కాదు. కచేరీకి పోయి చెప్పుకొందమన్నను, నడుమ మాట చెప్పువాడు ఏమి చెప్పిన అదియే వారి మాట యయ్యెడిది. భాష తెలియకపోవుటచే నొక జాతి యెంత నష్టపోవునో చూడదలచినవారికి ఆ కొండ సంతలే చాలియుండెను.

రామమూర్తిగారి తండ్రి వీర్రాజుగారు పర్లాకిమిడి జమీందారీలో సముద్దారు ఉద్యోగము చేయుచుండెడివారు. తల్లి వెంకమ్మగారు. బాలుని ప్రథమ విద్య స్వగ్రామముననే జరిగెను. పండ్రెండవ యేటనే యీ బాలునకు గొప్ప కష్టము సంభవించెను. తండ్రికి చోడవరమునకు బదిలీ కాగా, అచ్చట విషజ్వరము తగిలి 1875లో ఆయన మరణించెను. తండ్రిలేని బాలునకు విశాఖపట్టణములోని మేనమామగారి ఇల్లు ఆశ్రయమయ్యెను. పిమ్మట విజయనగరములో మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చేరి, 1879లో మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థుడయ్యెను. అచ్చట గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. ఈ స్నేహము ఇరువురి జీవితములలోనే గాక తెలుగు భాషా చరిత్రలో సహితము ఫలించెను.

కుటుంబ భారము వలన పై చదువులకు పోవుటకు వీలులేక, 1880లో రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో ముప్పది రూపాయల జీతముమీద ఉపాధ్యాయులుగా చేరిరి. వారు బోధించినది చరిత్ర. ఉద్యోగము చేయుచునే ప్రయివేటుగా చదివి పట్టభద్రులైరి. చరిత్ర పాఠమును పుస్తకమునుండి చదివి వినిపించుటతో వారికి తృప్తి కలుగలేదు. సెలవు దినములలో ముఖలింగమునకు పోయి, దేవాలయపు రాళ్లమీది శాసనములను ఎవరి సహాయము లేకయే చదువ నేర్చిరి. ప్రాచీన గాంగరాజుల కళింగనగరము ఈ ముఖలింగమే యని వాదించి వ్రాసిరి. శకవర్షము 979 నాటి వజ్రహస్తుని నడగాము తామ్రశాసనమును పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా యను ప్రసిద్ధ గ్రంథమాలలో ప్రకటించిరి. పల్లెటూరి యేటియొడ్డున పుట్టినవాడు తన యేటియొడ్డు చరిత్రనే విద్వల్లోకమునకు చూపెననుట ఇచ్చట గమనింపదగినది.

అట్లు రాళ్లమీది మాటలను చదువుచున్న కాలముననే, బ్రదికియున్న మనుష్యుల మాటపైకి వారి దృష్టి మరలెను. పర్లాకిమిడి వీధులకు వచ్చు సవరల భాష ఎవరును వ్రాసియుంచినది కాదు. దానికి అప్పటికి తనదైన లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. తెలుగువారిలో అనేకులు దానిని భాషగానే ఎంచలేదు. రామమూర్తిగారు తెలుగును సవరయు రెండును ఎఱిగిన యొక సవరను తన ఇంట నుంచుకొని, ఆతనిని గురువుగా గ్రహించి, మాట వెంట మాట నేర్చుకొన నారంభించిరి. చదువుకొన్న పంతులు చదువురాని కొండవానివద్ద పాఠము నేర్చుకొనుట ఆ దినములలో వింతగా తోచియుండును. కాని నేర్చుకొన గోరువానికి తెలిసినవాడే గురువని వారి నమ్మకము.

సవర భాష సులభముగా పట్టుపడునది కాదు. అది తెలుగునకును ఒరియాకును చుట్టము కాదు. సంతాలీ, ముండారీ మొదలగు ముండా భాషల కుటుంబమునకు చెందినది. ఆ కుటుంబమునకు దూరపు బంధువులు అస్సాము కొండలకు ఆవల, కాంబోడియా వంటి దేశములలో కలరు. గొంతును నొక్కి నిలుపు ధ్వనులు దానియందు కలవు. వాటిని తెలుగు చెవి మొదట పట్టుకొనజాలదు. నామమును క్రియలోనికి చేర్చుకొని ఒకే పదముగా పలుకుటయు దానికి సహజము. ఇట్టి భాషకు సూత్రములు కనుగొనుటకై పంతులుగారు అప్పుడప్పుడే వెలువడుచుండిన భాషాశాస్త్ర గ్రంథములను తెప్పించుకొని చదివిరి. చదివినది పరీక్షించుటకై కొండలెక్కి గూడెములలో తిరిగిరి. ఆ కొండల మన్యజ్వరము వారిని విడువలేదు. జ్వరమునకు పుచ్చుకొన్న క్వినైను వలన వారి వినికిడి శక్తి చాలవరకు తగ్గిపోయెను. ఒక భాషను చెవితో విని వ్రాసికొన బూనినవానికి చెవియే చెడుట ఎంతటి నష్టమో ఊహింపుడు. అయినను ఆ పని నిలిచిపోలేదు.

నేర్చిన భాషను వారు తమ కీర్తికొఱకు దాచుకొనలేదు. తెలుగు లిపిలో సవర వాచకములను, కథలను, పాటలను వ్రాసి అచ్చొత్తించిరి. స్వంత ధనముతో సవర పిల్లలకు బడులు పెట్టి, ఉపాధ్యాయులకు జీతములు తామే యిచ్చిరి. ముప్పది రూపాయల జీతముతో జీవితము నారంభించిన ఉపాధ్యాయునకు అది చిన్న త్యాగము కాదు. దొరతనమువారు ఈ పుస్తకములకు పారితోషికమియ్య బోగా, తమకు వలదనియు, ఆ ధనముతో సవరలకు బడి పెట్టింపుడనియు కోరిరని చెప్పుదురు. 1911లో ముప్పదియేండ్ల ఉద్యోగము ముగించి వారు విశ్రాంతి పొందిరి. 1913లో దొరతనమువారు సవరల సేవకై వారిని బిరుదుతో గౌరవించిరి. తరువాత కైసర్-ఇ-హింద్ పతకమును ఇచ్చిరి.

సవర పిల్లవాడు తన మాటలో చదివినప్పుడు వెంటనే గ్రహించుటయు, పరభాషలో చదివినప్పుడు చిలుకవలె వల్లించుటయు పంతులుగారు చూచిరి. ఆ చూపుతోనే వారు తెలుగు బడివైపు తిరిగి చూచిరి. 1907 ప్రాంతమున ఉత్తర జిల్లాల పాఠశాలలకు పరీక్షాధికారిగా వచ్చిన యేట్సు దొరకు ఒక సందేహము కలిగెను. ప్రజలు మాటాడు తెలుగొకటి, పుస్తకములలోని తెలుగు వేఱొకటి యేల యని ఆయన అడిగెను. విశాఖపట్టణములోని మిసెస్ ఏ. వి. ఎన్. కళాశాల అధ్యక్షులు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, దీనికి సమాధానము చెప్పగలవారు అప్పారావుగారును రామమూర్తిగారునే యని సూచించిరి. అక్కడినుండి వ్యావహారిక భాషోద్యమము బయలుదేరెను. పంతులుగారు గ్రాంథికమును ద్వేషించినవారు కారు. పూర్వకావ్యములను వారివలె క్షుణ్ణముగా ఎఱిగినవారు అరుదు. పసివాని చేతికి అర్థముకాని పుస్తకమిచ్చి, అర్థముకానందుకు వానినే దండించుట అన్యాయమని మాత్రము వారు వాదించిరి. 1912-13 ప్రాంతమున స్కూలు ఫైనలు వ్యాసమును రెండు శైలులలో దేనిలోనైన వ్రాయుటకు దొరతనమువారు అనుమతించి, పిమ్మట పండితుల నిరసనచే ఆ యనుమతిని ఉపసంహరించిరి. అందుకు వారు క్రుంగిపోలేదు. 1919లో తెలుగు అను మాసపత్రికను స్థాపించి, ఊరూర ఉపన్యసించి వాదము సాగించిరి.

వృద్ధాప్యమున వారికి గొప్ప మనఃక్లేశము కలిగెను. 1936వ సంవత్సరము ఏప్రిలు 1వ తేదీన ఒరిస్సా రాష్ట్రము ఏర్పడగా, పర్లాకిమిడి పట్టణము అందు చేరెను. తెలుగు ప్రాంతములు కొన్ని విశాఖపట్టణము జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళము జిల్లా ఏర్పడువఱకు ఇందే యుండెను. పర్లాకిమిడి తెలుగువారి పక్షమున వాదించిన పంతులుగారు, అర్ధశతాబ్దమునకు పైగా నివసించిన ఊరిని విడిచి రాజమహేంద్రవరము చేరిరి. అప్పటికి వారికి డెబ్బదిరెండేండ్లు. ఇల్లు మారెను గాని పని మారలేదు. 1931లో సవర భాషా వ్యాకరణము, 1933లో ఇంగ్లీషు-సవర నిఘంటువు వెలువడియుండెను. 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు మదరాసు దొరతనమువారిచే ముద్రింపబడెను. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారికి కళాప్రపూర్ణ బిరుద మిచ్చెను. 1940వ సంవత్సరము జనవరి 22వ తేదీన, డెబ్బదియారేండ్ల వయస్సున, వారు పరమపదించిరి. కుమారులు సీతాపతిగారు తండ్రి వెంట సవర భాషా పరిశ్రమను సాగించినవారే.

వారు చూపిన త్రోవ మూతపడలేదు. 1936లోనే మంగేయి గొమాంగో అను సవర తన జాతి భాషకు ప్రత్యేకమైన లిపిని కల్పించెను. ఒకప్పుడు లిపియే లేని భాషకు ఇట్లు సొంత లిపియు లభించెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమువారు 2004 మొదలుకొని గిరిజన బాలురకు మొదటి తరగతులలో మాతృభాషయందే పాఠములు చెప్పు పద్ధతిని ఆరంభించి, సవర భాషలో సహితము వాచకములు ప్రకటించిరి. ఒక ఉపాధ్యాయుడు తన జీతపు రాళ్లతో ఆరంభించిన పనిని రాజ్యము చేతబట్టుటకు ఇంచుమించు నూఱేండ్లు పట్టెను.

విద్యార్థులారా, ఈ చరిత్రలో అద్భుతములేవియు లేవు. తండ్రిని కోల్పోయిన యొక పల్లె బాలుడు బంధువుల యింట నుండి చదువుకొని, చిన్న యూరిలో బడిపంతులయ్యెను. తనకంటె తక్కువవాడని లోకము తలచినవానివద్ద కూర్చుండి, వాని మాట నేర్చుకొనెను. మీ తరగతిలో మన్యమునుండి గాని, దూరపు పల్లెనుండి గాని వచ్చిన బాలుడు తన యాసలో మాటాడినప్పుడు నవ్వకుడు. ఆ మాట వెనుక ఒక నదియు, ఒక జనమును, వేల యేండ్ల బ్రదుకును ఉన్నవని తెలిసికొనుడు. తలిదండ్రులారా, ఇంటి మాట పిల్లవానికి సిగ్గు కలిగింపవలసినది కాదు. అది వాని చదువునకు తొలి మెట్టు. ఇక ఉపాధ్యాయులమైన మాకు పంతులుగారి జీవితము చెప్పు పాఠ మొక్కటే. పిల్లవానికి మన మాట నేర్పుటకు ముందు, వాని మాట మనము నేర్చుకొనవలెను. వంశధార నేటికిని కొండలనుండి పల్లెలకు పారుచునే యున్నది. ఆ యేటి ఎగువవారికిని దిగువవారికిని నడుమ మాట కలుపుటకై యొక ఉపాధ్యాయుడు తన ధనమును, తన ఆరోగ్యమును, తన చెవులను వెచ్చించిన సంగతి మనము మఱువరాదు.